తొందరపెట్టే ఫోన్ రాకముందే: ఇంట్లోని ఫోన్లకు, ఖాతాలకు, కెమెరాలకు కాపలా ఎలా పెట్టుకోవాలి?

2024 జులై 18న తెలంగాణలో రైతు రుణమాఫీ మొదటి విడత పైసలు ఖాతాల్లో పడ్డాయి. ఆ నెలలోనే వాట్సాప్‌లో ఇంకో పని కూడా మొదలైంది. బ్యాంకు పేరు, బ్యాంకు బొమ్మ పెట్టుకున్న నంబర్ల నుంచి రుణమాఫీ వివరాల పేరుతో ఏపీకే అనే యాప్ ఫైళ్లు రాసాగాయి. వాటిని తెరవొద్దని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో రైతులను హెచ్చరించాల్సి వచ్చింది. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి వేసినవాళ్లు, వనపర్తి పల్లి రైతులు, కొల్లాపూర్ మామిడి తోటలవాళ్లు, అందరూ అప్పుడు ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తున్నవాళ్లే. దొంగ కనిపెట్టింది ఆ ఎదురుచూపునే. రుణమాఫీ అయిపోతే రైతు భరోసా, అదయ్యాక పీఎం కిసాన్, ఆ తర్వాత ట్రాఫిక్ చలానా, పెళ్లిళ్ల కాలంలో శుభలేఖ. ఫైల్ పేరు మారుతుంది, లోపలి సరుకు ఒకటే.

మన ఫోన్ తలుపు పగలగొట్టి వచ్చే దొంగలు తక్కువ. మన చేతనే తలుపు తీయించేవాళ్లు ఎక్కువ. అందుకు వాళ్లు వాడేది తొందర. సాయంత్రంలోగా కేవైసీ చేయకపోతే ఖాతా బంద్ అంటారు, మీ పిల్లవాడు పోలీసులకు దొరికిండు అంటారు. ఆ గాబరాలో చదువుకున్నవాళ్లకు కూడా ఏమీ తోచదు. కాబట్టి గాబరా లేని రోజునే, ఇంట్లో అందరూ ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం, కింద చెప్పిన పనులు వరసగా చేసి పెట్టుకోవాలి. ఒక నోటు పుస్తకం, పాసుబుక్కులు, ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కనే కూర్చోబెట్టుకోండి. వాళ్ల ఫోన్ తీసుకుని మనమే చకచకా చేసేస్తే రేపు ఫోన్ వచ్చినప్పుడు వాళ్లకు ఏమీ గుర్తుండదు. వాళ్ల వేలితోనే నొక్కించండి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఫోన్ చేసినవాడికి మన పేరు, ఊరు, బ్యాంకు పేరు, కార్డు చివరి అంకెలు తెలుసు గనక వాడు బ్యాంకువాడే అయి ఉంటాడని చాలామంది నమ్ముతారు. 2023లో సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్‌కు చెందిన ఒకడిని పట్టుకున్నప్పుడు వాడి దగ్గర దొరికింది 66.9 కోట్ల మంది వివరాలు. 2024లో మన రాష్ట్ర పోలీసుల హాక్ ఐ యాప్‌లోంచే సమాచారం దొంగల చేతికి పోయింది. మన వివరాలు ఇప్పటికే ఎక్కడో అమ్ముడైపోయి ఉంటాయనుకుని నడుచుకోవడమే మంచిది. పేరు తెలిసినంత మాత్రాన ఎవడూ నమ్మదగినవాడు కాడు.

మొదటి పని: సిమ్, తెర తాళం

సంతలోనో బస్టాండులోనో ఫోన్ పోతే అందరం ఫోన్ ఖరీదు గురించే బాధపడతాం. అసలు ప్రమాదం సిమ్‌తో. తెరకు తాళం ఉన్నా, దొంగ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ వాడికే వెళ్తాయి. ఇప్పుడు ఆధార్ నంబరులో కొన్ని అంకెలు, ఆధార్ ఓటీపీ ఉంటే డెబిట్ కార్డు లేకుండానే యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకునే వీలుంది. ఫోన్ కవరు వెనకాల ఆధార్ జిరాక్స్ మడిచి పెట్టుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. దాన్ని ఇవాళే తీసేయండి.

తెర తాళానికి ఆరు అంకెల పిన్ పెట్టండి. పుట్టిన సంవత్సరం, బండి నంబరు వద్దు. తర్వాత సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద సిమ్ లాక్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసే ముందు, మీ సిమ్ కంపెనీ మొదట ఇచ్చే పిన్ ఏమిటో కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోండి. ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి, సిమ్ కంపెనీ దగ్గరుండే పీయూకే నంబరు అడుగుతుంది. ఆన్ చేశాక ఆ పిన్ మార్చి కొత్తది పెట్టుకోండి. ఇకపై ఈ సిమ్‌ను ఎవరు ఏ ఫోన్‌లో వేసినా పిన్ కొట్టాల్సిందే.

డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్‌దీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఫోన్ పోతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీలో ఆ నంబరు నమోదు చేస్తే ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయకుండా ఆపుతారు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా సంచార్ సాథీలోనే చూడొచ్చు. మీవి కానివి కనిపిస్తే, నావి కావు అని అక్కడే నొక్కి తీసేయించండి.

రెండో పని: ఏపీకే దారి మూసేయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే యాప్ ఫైల్. ఫైల్ వాట్సాప్‌లోకి వచ్చినంత మాత్రాన, డౌన్‌లోడ్ అయినంత మాత్రాన ఏమీ కాదు. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అది అడిగిన అనుమతులన్నిటికీ సరే అన్నప్పుడే పని చెడుతుంది. అప్పుడది మీ ఎస్ఎంఎస్‌లు చదువుతుంది. బ్యాంకు ఓటీపీ మీకంటే ముందు దొంగకు చేరుతుంది. చాలాసార్లు అదే ఫైల్‌ను మీ పేరుతో మీ వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపేస్తుంది. ఊరి గ్రూపులో సర్పంచ్ నంబరు నుంచో, బడి గ్రూపులో సారు నంబరు నుంచో ఏపీకే వస్తే ఆయన పంపించాడనుకోవద్దు. ఆయన ఫోన్ దొంగ చేతిలో పడిందని అర్థం. గ్రూపులో జవాబు పెట్టకుండా ఆయనకు మామూలు ఫోన్ చేసి చెప్పండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, యాప్స్‌లోకి వెళ్లి, స్పెషల్ యాప్ యాక్సెస్ నొక్కి, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ దగ్గర ఆగండి. కొన్ని ఫోన్లలో ఇది వేరే చోట ఉంటుంది, సెట్టింగ్స్ పైనున్న వెతికే డబ్బాలో ఆ పేరు కొడితే దొరుకుతుంది. అక్కడ వాట్సాప్, క్రోమ్, టెలిగ్రామ్, ఫైల్స్, ఏది ఆన్‌లో ఉన్నా ఆపేయండి. తర్వాత ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఏదైనా ఫైల్ తెరవడానికి ముందు ప్లే ప్రొటెక్ట్ ఆపమని ఎవరైనా చెబితే, ఆ చెప్పేవాడు దొంగే. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

ఇంకో రెండు చోట్లు చూడాలి. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్‌లో ఎస్ఎంఎస్ నొక్కితే మీ మెసేజ్‌లు చదివే యాప్‌ల జాబితా వస్తుంది. టార్చ్ లైట్ యాప్‌కు, ఫొటోలు మెరిపించే యాప్‌కు మీ మెసేజ్‌లతో ఏం పని? తీసేయండి. రెండోది యాక్సెసిబిలిటీ. చూపు, వినికిడి తక్కువైనవాళ్లకు సాయపడేందుకు పెట్టిన ఈ సదుపాయం ఏ యాప్ చేతికి వెళ్తే ఆ యాప్ మీ తెర మీద ఉన్నదంతా చూడగలదు, మీ బదులు నొక్కగలదు. అక్కడ మీకు తెలియని పేరు ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి.

అప్పిచ్చే యాప్‌లదీ ఇదే తీరు. 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వేధింపుకు ఆయుధాలు వాళ్ల ఫోన్లలోంచి తీసుకున్న కాంటాక్ట్ నంబర్లు, ఫొటోలే. అప్పు ఇవ్వడానికి మీ గ్యాలరీ అడిగే యాప్ వద్దే వద్దు.

మూడో పని: యూపీఐకి వేరే ఖాతా

ఈ వ్యాసంలో చెప్పినవాటిలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. పంట పైసలు, కూతురి పెళ్లికి దాచినవి ఉన్న ఖాతాను ఫోన్‌పే, గూగుల్‌పేలకు కలపొద్దు. రోజువారీ ఖర్చుకు ఇంకో చిన్న ఖాతా తెరిచి, అందులో రెండు మూడు వేలు ఉంచి, దాన్నే యూపీఐకి కలపండి. తలుపులన్నీ తెరుచుకున్నా దొంగకు దక్కేది ఆ రెండు మూడు వేలే. పెద్ద ఖాతాకు నెట్ బ్యాంకింగ్ అవసరం లేకపోతే అదీ ఆపమని బ్యాంకులో రాసివ్వండి.

పిన్ సంగతి గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు మరీ జాగ్రత్తగా వినాలి. మిలిటరీ ఆఫీసర్‌నని ఒకడు ఫోన్ చేస్తాడు. నాలుగు పట్టు చీరలు కావాలంటాడు, బేరం కూడా ఆడడు. ముందే డబ్బు పంపిస్తానని ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో పడతాయంటాడు. పైసలు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే పైసలు మన ఖాతాలోంచి పోతున్నాయనే. రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని నేసిన చీర అమ్మబోయి ఖాతా ఊడ్చుకుపోతే ఆ ఇల్లు తేరుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఆలోచించండి. ఇది మగ్గం దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలియాలి. పైసలు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే కూడా నమ్మొద్దు. బ్యాంకు మెసేజ్ కాదు, బ్యాంకు యాప్‌లో మిగులు చూసుకున్నాకే చీర పంపండి.

బ్యాంకు వెబ్‌సైట్‌కు వెళ్లాల్సి వస్తే చిరునామా చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. 2025 అక్టోబరు చివరికల్లా బ్యాంకులు ఆ చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే దొరికే నంబర్లకు ఫోన్ చేయొద్దు. పాసుబుక్కు మీద, ఏటీఎం కార్డు వెనకాల ఉన్న నంబరు నోటు పుస్తకంలో రాసుకోండి.

నాలుగో పని: వేలిముద్ర

ఊళ్లలో బ్యాంక్ మిత్ర దగ్గర వేలు పెట్టి పింఛను, ఉపాధి కూలి తీసుకునేవాళ్లు చాలామంది. ఓటీపీ లేదు, పిన్ లేదు, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకడు భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను రబ్బరు మీద అచ్చు తీసి వేల సిమ్‌లు తెరిచాడు. 2022లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కాగితాల్లోంచి తీసిన ముద్రలతో ఖాతాల్లోంచే పైసలు లాగిన ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర మార్చుకోలేం.

దీనికి ఆధార్ సంస్థ ఇచ్చిన మార్గం బయోమెట్రిక్ లాక్. ఆధార్ యాప్‌లో గానీ, మై ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఓటీపీతో లోపలికి వెళ్లి లాక్ బయోమెట్రిక్స్ నొక్కాలి. అంతే, ఆ తర్వాత ఆధార్ పనులకు మీ వేలిముద్ర ఎక్కడా పనిచేయదు. కావాల్సినప్పుడు మీరే కొద్ది నిమిషాలు తెరిచి మళ్లీ మూయొచ్చు.

ఈ సలహా అందరికీ ఒకేలా నప్పదు. లాక్ వేస్తే రేషన్ దుకాణంలో కూడా వేలు పడదు, పింఛను దగ్గర కూడా పడదు. పిల్లలు ముంబైకో పుణెకో వలస వెళ్లి, ఇంట్లో చిన్న ఫోన్‌తో ఒంటరిగా ఉన్న అవ్వ ప్రతిసారీ లాక్ తెరిచి మూయగలదా? ఆమె విషయంలో లాక్ వేయకపోవడమే సరి. అందుకు బదులు రెండు పనులు చేయాలి. పింఛను పడే ఖాతాలో పెద్ద మొత్తం ఉంచకూడదు. ఇంకో బ్యాంకులో దాచిన సొమ్ము ఉంటే ఆ ఖాతాకు ఆధార్ వేలిముద్ర చెల్లింపులు ఆపమని దరఖాస్తు ఇవ్వాలి. ఏటీఎం, యూపీఐ వాడే మిగతావాళ్లందరూ ఇవాళే లాక్ వేసుకోవాలి.

వేలు పెట్టే చోట ఒక నియమం ఇంట్లో అందరికీ నేర్పండి: వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు. సర్వర్ లేదు, మళ్లీ పెట్టు అంటే మొదటిదానికి ఫెయిల్ అయిన రసీదు అడగాలి. నాలుగుసార్లు వేలు పెట్టించి ఒకసారి ఇచ్చే మోసం ఎక్కువగా జరిగేది చదువురాని వాళ్ల దగ్గరే. నెలకోసారి పాసుబుక్కు ప్రింట్ వేయించి ఇంట్లో ఎవరైనా వాళ్లకు చదివి చెప్పండి. జిరాక్స్ సెంటర్‌కు ఆధార్‌ను వాట్సాప్‌లో పంపితే, ప్రింట్ తీశాక వాళ్ల కంప్యూటర్‌లోంచి మీ ముందే డిలీట్ చేయమనండి. మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ చాలా పనులకు సరిపోతుంది.

ఐదో పని: వాట్సాప్, జీమెయిల్

వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరు అంకెల పిన్ పెట్టండి. లింక్డ్ డివైసెస్ తెరిచి మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే లాగ్ అవుట్ చేయండి. జీమెయిల్‌కు కూడా టూ-స్టెప్ పెట్టండి. మీ ఫొటోలు, కాంటాక్టులు, మిగతా యాప్‌ల పాస్‌వర్డ్ మార్పులు అన్నీ జీమెయిల్ చేతిలోనే ఉంటాయి గనక దాని పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది.

కొరియర్ వాడినని చెప్పి *21* తో మొదలయ్యే నంబరు డయల్ చేయమంటే చేయొద్దు. మీ కాల్స్ వాడి ఫోన్‌కు మళ్లుతాయి. *#21# కొడితే కాల్స్ మళ్లుతున్నాయో లేదో తెలుస్తుంది. ##002# కొడితే మళ్లింపులన్నీ రద్దవుతాయి.

ఆరో పని: కెమెరా, వైఫై

దుకాణాల్లో, మిల్లుల్లో, ఇళ్ల ముందు ఇప్పుడు సీసీ కెమెరాలు మామూలైపోయాయి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా లక్షల కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. అది వాడింది కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉండే పాస్‌వర్డ్‌లనే. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి. లోపలికి వెళ్లిన దారి మళ్లీ అలాంటి తేలిక పాస్‌వర్డే. గర్భిణుల గౌరవం అంగట్లో పడింది.

కెమెరా బిగించేవాడు వెళ్లకముందే మూడు పనులు చేయించండి. కెమెరా రికార్డింగ్‌ను దాచే డీవీఆర్ పెట్టె పాస్‌వర్డ్ మీరే మార్చండి. ఫోన్ యాప్‌లో అసలు ఖాతా మీ నంబరుతో తెరిపించండి. పరీక్షించడానికి అతని ఫోన్‌లో కలుపుకున్నది ఉంటే తీసేయించండి. వైఫై రౌటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి, వైఫైది ఒకటి, రౌటర్ సెట్టింగ్స్‌ది ఇంకొకటి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. చుట్టాలకు గెస్ట్ వైఫై ఇవ్వండి. పడకగదిలో కెమెరా అసలే వద్దు.

ఏడో పని: ఇంటి గుర్తు మాట

మీ కొడుకు డ్రగ్స్ కేసులో దొరికాడు, పక్కన పోలీసులున్నారు అని వీడియో కాల్ వస్తుంది. యూనిఫాం కనిపిస్తుంది, వెనక ఏడుపు వినిపిస్తుంది. గొంతును యంత్రంతో అచ్చుగుద్దినట్టు పుట్టించడం ఇప్పుడు కష్టం కాదు. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేదు, వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్టు చేయరు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ మాటే చెప్పారు. అయినా కన్నపేగు చట్టం గుర్తు చేసుకోదు. అందుకే ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట పెట్టుకోండి, చిన్నప్పటి ఎద్దు పేరైనా సరే. ఆపద అని ఫోన్ వస్తే ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే పెట్టేసి, కొడుకు అసలు నంబరుకు మనమే చేయాలి.

ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఇంకో మాట చెప్పండి. బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు కొన్నాళ్లు వాడుకోవడానికి ఇస్తే నాలుగైదు వేలు ఇస్తామనేవాళ్లు తిరుగుతున్నారు. దొంగసొమ్ము ఆ ఖాతా గుండా పోతే పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే.

జరగరానిది జరిగితే

సిగ్గుపడి, ఇంట్లో తిడతారని దాచి, రెండు రోజులు ఊరుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. తప్పు దొంగది. ఇంట్లోవాళ్లు తిట్లు పక్కనపెట్టి ఫోన్ అందుకోవాలి.

అనుమానపు యాప్ ఎక్కించినట్టయితే ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇంకో ఫోన్ నుంచి 1930కు చేయండి. ఇది దేశమంతటికీ ఉన్న సైబర్ నేరాల నంబరు. తెలుగులో మాట్లాడొచ్చు. బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఏ సమయంలో, లావాదేవీ నంబరు ఎంత అన్నది చెప్పాలి. యూపీఐలో అది 12 అంకెల యూటీఆర్. దొంగ ఆ సొమ్మును ఖాతా నుంచి ఖాతాకు మార్చి చివరికి నగదుగా తీసేస్తాడు. ఆలోగా 1930కు చెబితే డబ్బు ఎక్కడుంటే అక్కడ బ్యాంకు ఆపేస్తుంది. మొదటి గంట విలువ అదీ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి, లేదా దగ్గరలోని ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లండి. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. మెసేజ్‌లు, నంబర్లు ఏవీ చెరిపేయొద్దు. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడం అవన్నీ ఫొటో తీసుకున్నాకే.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. 2017 జులై నాటి రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా పైసలు పోతే, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పని దినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినది మీ మీద పడుతుంది, తెలిపాక పోయినది బ్యాంకు భరించాలి. ఏ రకంగా చూసినా గంట గంటకూ తేడా ఉంది.

1930 ఇచ్చే ఫిర్యాదు నంబరును నోటు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టండి. ఆపిన సొమ్ము దానంతటదే తిరిగి రాదు, కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా ఇలాంటి సొమ్మును బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. తర్వాతి లోక్ అదాలత్ ఎప్పుడో, మీ దరఖాస్తు అందులో ఉందో లేదో ఆ నంబరు చూపించి పోలీస్ స్టేషన్‌లో అడగండి. లేకపోతే చేర్పించండి.